ప్యాకెట్ లాస్, అవైలబిలిటీ కొలవడం ఎలా: ముందు హారం సంగతి తేల్చుకోండి

"నెట్‌వర్క్ బాగానే ఉందండీ, పింగ్ వస్తోంది కదా!" ఈ రంగంలో ఉన్నవాళ్లు రోజుకోసారైనా ఈ మాట అంటారు, లేదా వింటారు. (పింగ్ అంటే అవతలి మెషిన్‌కి చిన్న ప్యాకెట్ పంపి, జవాబు వస్తుందో లేదో చూడటం.) నేనూ అన్నాను. ఒకసారి అలా అన్న పాపానికి మూడు వారాలు తిప్పలు పడ్డాను. మానిటరింగ్ స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది, నెల మొత్తానికి లాస్ సున్నా. అవతల ఫోన్లు చేసేవాళ్లేమో నాలుగు కాల్స్‌లో ఒకదాంట్లో గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందని మొత్తుకుంటున్నారు. తీరా చూస్తే స్క్రీనూ అబద్ధం చెప్పలేదు, వాళ్లూ చెప్పలేదు. అదెలాగో నాలుగో అడుగులో చెబుతాను.

లాస్ (నెట్‌వర్క్‌లో పంపే డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, దారిలో పోవడం) అయినా అవైలబిలిటీ (సర్వీస్ అందుబాటులో ఉండటం) అయినా చివరికి అదొక భిన్నం. పైన లవం: పోయిన ప్యాకెట్లు, లేదా సర్వీస్ పనిచేసిన సమయం. కింద హారం: మొత్తం పంపినవి, లేదా మొత్తం సమయం. అందరి చూపూ లవం మీదే ఉంటుంది. తప్పులు మాత్రం ఎక్కువగా హారంలో దొర్లుతాయి. ఎన్ని పంపాం, ఎలాంటివి పంపాం, ఏ దారిన పంపాం, జవాబు కోసం ఎంతసేపు ఆగాం అన్నవి తెలియకపోతే "0.5% లాస్" అన్న మాటకు అర్థమే లేదు.

అడుగు 1: ఏం కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

టూల్ తెరవకముందే ఈ పని చేయండి. ఉదాహరణకు: "ఆఫీసు స్విచ్‌కి కట్టిన ఈ మెషిన్ నుంచి డేటా సెంటర్‌లోని ఆ సర్వర్‌కి, 172 బైట్ల యూడీపీ ప్యాకెట్లు, సెకనుకు 50 చొప్పున, పది నిమిషాలు, 2 సెకన్లలోపు చేరనిది పోయినట్టే." (యూడీపీ అంటే పోయినదాన్ని మళ్లీ పంపని రవాణా పద్ధతి.) ఇంత రాస్తే చాలు, సగం తగాదాలు పుట్టకముందే ఆగిపోతాయి.

చివర్లో ఉన్న ఆ "2 సెకన్లు" చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆయువుపట్టు అదే. ప్యాకెట్ పోయిందని ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు. కాసేపు చూసి, రాలేదు కాబట్టి పోయిందని మనమే తీర్మానించుకుంటాం. 3 సెకన్లకు వచ్చిన ప్యాకెట్ ఫైల్ డౌన్‌లోడ్‌కి ఆలస్యంగా వచ్చినట్టు, వాయిస్ కాల్‌కి అసలు రానట్టు. ఒకవైపు లాస్‌కి (ఒక్క దిక్కులో పోయినవాటికి) నిర్వచనం ఇచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2680 (1999లో వచ్చింది, 2016లో దాని స్థానంలోకి 7680 వచ్చింది) కూడా ఎంతసేపు ఆగారో ఫలితంతో పాటు చెప్పి తీరాలంటుంది. చెడిపోయి చేరిన ప్యాకెట్ పోయిన లెక్కలోకే వస్తుందనీ, ఒకటి రెండుగా చేరితే అది చేరినట్టేననీ అందులోనే ఉంది.

అడుగు 2: పింగ్‌తోనే మొదలుపెట్టండి, కానీ నాలుగింటితో ఆపకండి

మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో రాసిన పింగ్‌కి ఇప్పటికీ పదును తగ్గలేదు. ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు తమలో తాము కబుర్లు చెప్పుకునే ప్రొటోకాల్) ఎకో రిక్వెస్ట్ వెళ్తుంది, ఎకో రిప్లై వస్తుంది, అంతే. చిక్కల్లా మనం వాడే తీరులోనే ఉంది. విండోస్‌లో ఊరికే పింగ్ అని కొడితే నాలుగే ప్యాకెట్లు వెళ్తాయి. నాలుగూ వచ్చేస్తే లాస్ లేదని లేచిపోతాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, గణాంకాల్లో దాన్ని మూడు సూత్రం అంటారు. మీరు ఎన్ని ప్యాకెట్లు పంపితే ఒక్కటీ పోలేదో, ఆ సంఖ్యతో 3ని భాగించండి. అసలు లాస్ దాదాపు అంతవరకూ ఉండొచ్చని 95% నమ్మకంతో చెప్పగలం, అంతకన్నా తక్కువని మాత్రం చెప్పలేం. 100 పంపి ఒక్కటీ పోకపోతే అసలు లాస్ 3% దాకా ఉండవచ్చు. "0.1% కన్నా తక్కువే" అని గట్టిగా చెప్పాలంటే 3,000 ప్యాకెట్లు పోకుండా చేరాలి. ఒకటి పోయినా అంతే: 100లో 1 పోతే స్క్రీన్ మీద 1% అని పడుతుంది, కానీ అసలు విలువ 0.03% నుంచి 5.4% మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నాలుగు పింగులతో ఏమీ తేలదని వేరే చెప్పాలా?

అందుకని లినక్స్‌లో సి ఆప్షన్‌కి (ఎన్ని ప్యాకెట్లు) 3000, ఐ ఆప్షన్‌కి (ఎన్ని సెకన్లకోసారి) 0.2 ఇచ్చి నడపండి. సెకనుకు ఐదు చొప్పున పది నిమిషాల్లో అయిపోతుంది. సైజు కూడా మార్చి చూడండి. లినక్స్ పింగ్ మామూలుగా 56 బైట్ల డేటా పంపుతుంది. చిన్నవి సాఫీగా వెళ్లి పెద్దవి పడిపోయే లింకులు చాలానే ఉంటాయి. ఎస్ ఆప్షన్‌తో 1472 బైట్లు ఇచ్చి, ముక్కలు చేయొద్దనే ఆప్షన్ కూడా పెట్టండి. 8 బైట్ల ఐసీఎంపీ హెడర్, 20 బైట్ల ఐపీ హెడర్ కలిస్తే సరిగ్గా 1500 అవుతుంది. పెద్దవి అన్నీ పడిపోతుంటే అది లాస్ కాదు, ఎంటీయూ (లింక్ మోయగల గరిష్ఠ ప్యాకెట్ సైజు) సమస్య. పెద్దవాటిలో కొన్ని మాత్రమే పడిపోతుంటే కేబుల్‌నో రేడియో లింక్‌నో అనుమానించండి. బిట్లు ఎక్కువైన కొద్దీ వాటిలో ఒకటి చెడే అవకాశమూ పెరుగుతుంది కదా.

విండోస్ వాడేవాళ్లు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. దారిలో ఉన్న రౌటర్ "ఆ మెషిన్ దొరకడం లేదు" అని జవాబిస్తే, విండోస్ పింగ్ దాన్ని కూడా జవాబు వచ్చిన ఖాతాలో వేసుకుంటుంది. కింద 0% లాస్ అని చూపిస్తుంది. అవతలి సర్వర్ చచ్చి పడుంటే రిపోర్టులో మాత్రం అంతా క్షేమమే! ఆఖరి లైన్ ఒక్కటే గీకి డేటాబేస్‌లో దాచుకునే స్క్రిప్టు మీ దగ్గర ఉంటే ఇవాళే తెరిచి చూడండి.

ఇంకో మాట. పింగ్ చెప్పేది రానూపోనూ లాస్. వెళ్లేటప్పుడు 1%, వచ్చేటప్పుడు 1% పోతుంటే పింగ్ 1.99% చూపిస్తుంది. ఎటువైపు పోతోందో మాత్రం చెప్పదు.

అడుగు 3: దారి వెంట చూడండి, మధ్య హాప్‌లను చూసి కంగారుపడకండి

లాస్ ఉందని తేలాక ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఎంటీఆర్ మంచి సాధనం. ట్రేస్‌రూట్‌నీ (దారిలోని రౌటర్లను వరసగా చూపే సాధనం) పింగ్‌నీ కలిపి, దారిలోని ప్రతి హాప్‌కీ (మధ్యలో తగిలే ఒక్కో రౌటర్‌కీ) లాస్ విడివిడిగా చూపిస్తుంది. రిపోర్ట్ మోడ్‌లో కనీసం 300 రౌండ్లు నడపండి.

ఈ రిపోర్టును తప్పుగా చదివి సర్వీస్ ప్రొవైడర్‌తో గొడవపడేవాళ్లు లెక్కలేనంత మంది. ఈ రెండూ చూడండి.

మొదటిది: హాప్ 1లో 0%, హాప్ 2లో 0%, హాప్ 3లో 40%, హాప్ 4లో 0%, గమ్యంలో 0%.

రెండోది: హాప్ 1లో 0%, హాప్ 2లో 0%, హాప్ 3లో 6%, హాప్ 4లో 6%, గమ్యంలో 7%.

మొదటిదాంట్లో 40% చూసి గుండె గుభేల్‌మంటుంది. కానీ అక్కడ ఏమీ పోలేదు. హాప్ 3 నిజంగా ప్యాకెట్లను పడేస్తుంటే హాప్ 4కీ గమ్యానికీ అన్నీ ఎలా చేరాయి? ఆ రౌటర్ తన గుండా వెళ్లే ట్రాఫిక్‌ని హార్డ్‌వేర్‌లో చకచకా పంపేస్తుంది. తన పేరు మీద ఇవ్వాల్సిన ఐసీఎంపీ జవాబులను మాత్రం సీపీయూ తీరిగ్గా, పరిమితి పెట్టుకుని ఇస్తుంది. 40% అన్నది ఆ పరిమితి. అసలు సమస్య రెండోదాంట్లో ఉంది. మొదలైన చోటు నుంచి చివరిదాకా లాస్ కొనసాగుతోంది. కాబట్టి రూల్ ఒక్కటే: గమ్యం దగ్గర లాస్ లేకపోతే మధ్యలో ఏం కనిపించినా వదిలేయండి.

రెండోదాంట్లోనూ తప్పు హాప్ 3దేనని వెంటనే రాసేయకండి. 2కీ 3కీ మధ్య ఉన్న లింక్ కావచ్చు. జవాబులు తిరిగి వచ్చే దారి వేరేది అయివుండి, ఆ దారిలోనే పోతూ ఉండవచ్చు. అందుకే అవతలి చివర నుంచి ఇటువైపుకు కూడా ఎంటీఆర్ నడిపి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకవైపు రిపోర్టుతో పంపిన కంప్లైంట్ చాలాసార్లు "మా వైపు అంతా బాగానే ఉంది" అన్న జవాబుతో తిరిగొస్తుంది. నిజం చెప్పాలంటే, అలా జవాబిచ్చేవాళ్లను తప్పుపట్టలేం.

అడుగు 4: పింగ్ వెళ్లని దారులు కూడా ఉంటాయి

ఇప్పుడు ఆ మూడు వారాల కథ. రెండు స్విచ్‌ల మధ్య నాలుగు ఫైబర్ లింకులను కలిపి ఒకే గుత్తిగా కట్టి ఉంచారు. ఇలాంటి గుత్తిలో ప్రతి ప్యాకెట్‌నీ వంతులవారీగా పంచరు. అలా పంచితే వరస తప్పుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న ఐపీ అడ్రస్‌లు, ప్రొటోకాల్, పోర్టు నంబర్లు (మెషిన్‌లో ఒక్కో సంభాషణను గుర్తించే సంఖ్యలు) తీసుకుని హ్యాష్ చేసి (వాటి నుంచి ఒక సంఖ్య లెక్కగట్టి), ఏ లింక్ వస్తే ఆ సంభాషణ మొత్తాన్ని ఆ లింక్ మీదే నడిపిస్తారు.

మా మానిటరింగ్ సర్వర్ పింగ్‌కి రెండు ఐపీలూ మారవు. ఐసీఎంపీకి పోర్టులు ఉండవు. కాబట్టి నెలల తరబడి ఒకే లింక్ మీద వెళ్తోంది. మా ఖర్మకొద్దీ అది మంచి లింక్. నాలుగింట్లో ఒకదాని మీద మాత్రం సుమారు 8% ప్యాకెట్లు చెడిపోతున్నాయి. ప్రతి ఫోన్ కాల్‌కీ పోర్టు వేరు కాబట్టి, నాలుగు కాల్స్‌లో ఒకటి ఆ లింక్ మీద పడి ముక్కలవుతోంది. గుత్తి మొత్తానికి సగటు తీస్తే 2% అవుతుంది. ఆ 2% లాస్ మాత్రం ఏ ఒక్కరికీ అనుభవంలోకి రాలేదు. ముగ్గురికి సున్నా, నాలుగోవాడికి 8.

దీన్ని పట్టుకోవడానికి చేయాల్సింది సులువే: ఒకే సంభాషణ కాకుండా చాలా పంపడం. ఐపెర్ఫ్3 అనే, ట్రాఫిక్ పంపి కొలిచే సాధనంలో పీ ఆప్షన్‌ని పెద్దక్షరంలో ఇచ్చి 16 అని పెడితే, పదహారు వేర్వేరు సోర్స్ పోర్టుల నుంచి ప్రవాహాలు మొదలవుతాయి. హ్యాష్‌లో పోర్టులు కూడా ఉన్నంతవరకు, పదహారూ ఆ చెడ్డ లింక్‌ని తప్పించుకుపోయే అవకాశం సుమారు 1%. ఫలితాన్ని ప్రవాహాలవారీగా చూడాలి. కొన్నిటికి సున్నా, కొన్నిటికి ఒకే తీరు లాస్ వస్తే దొంగ దొరికినట్టే. మాకు నాలుగు ప్రవాహాలు 8% దగ్గర, మిగిలినవి సున్నా దగ్గర కనిపించాయి. తర్వాత స్విచ్ పోర్టుల కౌంటర్లు చూస్తే సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క) ఒకే లింక్ మీద గుట్టలు పడి ఉన్నాయి. కారణం ప్యాచ్ కార్డ్ కొస మీద మురికి. తుడిచి పెట్టడానికి పట్టింది రెండు నిమిషాలు.

అడుగు 5: అసలు ట్రాఫిక్ ఎలా ఉంటుందో అలాంటిదే పంపండి

ఐసీఎంపీకి రౌటర్లు ఒక మర్యాద, యూడీపీకి ఒక మర్యాద, టీసీపీకి ఇంకో మర్యాద ఇస్తాయి. ప్రయారిటీ క్యూలు ఉన్న నెట్‌వర్క్‌లో అయితే చెప్పనక్కర్లేదు. కాబట్టి వాయిస్ నాణ్యత కొలవాలంటే వాయిస్‌లాంటి ప్యాకెట్లే పంపాలి. జీ.711 కోడెక్ (గొంతును డేటాగా మార్చే పద్ధతి) 20 మిల్లీసెకన్లకోసారి 160 బైట్ల శబ్దం పంపుతుంది, ఆర్‌టీపీ (వాయిస్‌ని మోసే ప్రొటోకాల్) హెడర్‌తో కలిపి 172. ఐపెర్ఫ్3లో యూడీపీ మోడ్ పెట్టి, ప్యాకెట్ పొడవు 172, వేగం సుమారు 69 కిలోబిట్లు ఇస్తే సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి. వాయిస్‌కి వాడే డీఎస్‌సీపీ గుర్తు, అంటే ప్యాకెట్ ప్రాధాన్యాన్ని రౌటర్లకు చెప్పేది, కూడా వేయండి (మామూలుగా 46). లేకపోతే మీ టెస్టు సామాన్యుల క్యూలో నిలబడుతుంది, అసలు కాల్స్ వీఐపీ క్యూలో వెళ్లిపోతుంటాయి.

ఐపెర్ఫ్3 యూడీపీ ఫలితంలో మనకు కావాల్సింది పోయినవి, మొత్తం, జిట్టర్ (ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గులు). ఇది ఒకవైపు లాస్: పంపిన వైపు నంబర్లు వేస్తుంది, అందుకున్న వైపు ఖాళీలు లెక్కపెడుతుంది. ఆర్ ఆప్షన్‌ని పెద్దక్షరంలో ఇస్తే దిశ తిరగబడుతుంది. రెండు దిక్కులా విడివిడిగా కొలిచి విడివిడిగానే రాసుకోండి, ఎప్పుడూ సగటు తీయకండి. ఈ పని ఏడాది పొడుగునా చేయాలంటే చాలా రౌటర్లలో ట్వాంప్ అనే కొలత ప్రొటోకాల్ (ఆర్‌ఎఫ్‌సీ 5357, 2008) ఉంటుంది, దాన్ని వాడుకోవచ్చు.

వేగం దగ్గర జాగ్రత్త. 100 మెగాబిట్ల లింక్‌లోకి 300 మెగాబిట్లు కుక్కి "67% లాస్ ఉంది సార్" అని రిపోర్ట్ ఇచ్చినవాళ్లను చూశాను. అది మనం చేతులారా తెచ్చుకున్న లాస్. మీది కాని సర్వర్ల మీద ఇలాంటి టెస్టులు అసలే చేయకండి.

టీసీపీ సంగతి వేరు. అక్కడ పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపుతారు కాబట్టి యూజర్‌కి కనిపించేది లాస్ కాదు, నెమ్మది. ఎంత నెమ్మది అంటే, 1997లో మాథిస్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం వేగం లాస్ వర్గమూలానికి విలోమంగా పడిపోతుంది. ప్యాకెట్‌కి 1460 బైట్లు, రానూపోనూ 100 మిల్లీసెకన్లు అనుకోండి. లాస్ 0.01% ఉంటే ఒక కనెక్షన్‌కి సుమారు 14 మెగాబిట్లు వస్తుంది. అదే 1% అయితే 1.4 మెగాబిట్లు. పైపు గిగాబిట్ అయినా అంతే! లాస్ చూడగానే వేగం తగ్గించుకునే పాత తరహా టీసీపీకి వర్తించే లెక్క ఇది. బీబీఆర్ లాంటి కొత్త తరహావి ఇంత తేలిగ్గా బెదరవు. ఏదేమైనా "ఒక్క శాతమే కదా" అనేవాళ్లకు ఈ రెండు అంకెలూ చూపించండి.

సర్వర్ మీద టీసీపీ ఎన్ని సెగ్మెంట్లు మళ్లీ పంపిందో ఎన్‌స్టాట్‌లో, ఏ కనెక్షన్‌లో పంపిందో ఎస్‌ఎస్ కమాండ్‌లో తెలుస్తుంది. మళ్లీ పంపినవి భాగించు మొత్తం పంపినవి. ఆలస్యాన్ని లాస్ అనుకుని తొందరపడి పంపినవి కూడా ఇందులో కలుస్తాయి కాబట్టి దీన్ని లాస్ అని రాయకండి. నిన్నటితో పోల్చుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

అడుగు 6: పెట్టెలను కూడా అడగండి

బయటి నుంచి కొలిస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. ఎందుకు పోయిందో చెప్పేవి స్విచ్‌లూ రౌటర్లే. ప్రతి ఇంటర్‌ఫేస్‌లోనూ రెండు రకాల కౌంటర్లను విడదీసి చూడండి. ఎర్రర్లు పెరుగుతుంటే ప్యాకెట్ చెడిపోయి వచ్చిందని, అంటే కేబుల్, కనెక్టర్, లేదా డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారా వంతులవారీగానా అన్న సెట్టింగ్) పొంతన లేకపోవడం. డిస్కార్డ్‌లు పెరుగుతుంటే ప్యాకెట్ శుభ్రంగానే ఉంది గానీ క్యూలో చోటు లేక పడేశారని, అంటే రద్దీ. రద్దీ ఉన్నచోట కేబుల్ మార్చినా, కేబుల్ చెడినచోట బ్యాండ్‌విడ్త్ పెంచినా డబ్బు దండగే.

కౌంటర్ మొత్తం ఎంత అని కాదు, ఎంత పెరిగిందని చూడాలి. రెండేళ్ల కింద ఎవరో కేబుల్ పీకి పెట్టినప్పుడు వచ్చిన 40,000 ఎర్రర్లు ఇంకా అక్కడే కూర్చుని ఉంటాయి. 32 బిట్ల బైట్ కౌంటర్లు అయితే గిగాబిట్ వేగంలో 34 సెకన్లకే తిరగబడి సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి 64 బిట్లవే తీసుకోండి. ఐదు నిమిషాల సగటులో లింక్ 30% మాత్రమే వాడుకలో ఉండి డిస్కార్డ్‌లు పెరుగుతుంటే ఆశ్చర్యపోవద్దు. మిల్లీసెకన్లలో వచ్చిపోయే ఉప్పెనలు సగటులో కనిపించవు.

సర్వర్‌నీ వదలకండి. నెట్‌వర్క్ కార్డు దాకా క్షేమంగా వచ్చిన యూడీపీ ప్యాకెట్‌ని, అప్లికేషన్ చదవడంలో వెనకబడితే సాకెట్ బఫర్ నిండి ఆపరేటింగ్ సిస్టమే పడేస్తుంది. లినక్స్‌లో దానికి వేరే కౌంటర్ ఉంది, ఎన్‌స్టాట్‌లో యూడీపీ రిసీవ్ బఫర్ ఎర్రర్లు అని కనిపిస్తుంది. ఈ లాస్‌కి నెట్‌వర్క్ టీమ్‌ని తిట్టి ప్రయోజనం లేదు.

అడుగు 7: ఎడతెగకుండా కొలవండి, గుంపుగా పోయేవాటిని గుర్తించండి

ఒకసారి కొలిచి వదిలేసేది ఫొటో. మనకు కావాల్సింది సీసీటీవీ. స్మోక్‌పింగ్ ఈ పనికి పాతదే అయినా నమ్మకమైనది. ముందే పెట్టి ఉన్న సెట్టింగ్‌లో 300 సెకన్లకోసారి 20 పింగులు పంపుతుంది. హారం 20 కాబట్టి అందులో కనిపించే అతి చిన్న లాస్ 5%. అంతకన్నా సన్నగా చూడాలంటే పింగులు పెంచండి, లేదా గంటల లెక్కన కూడండి.

వ్యవధి విషయంలో ఒక చిక్కుంది. నెట్‌వర్క్‌లో ఏదో పని సరిగ్గా నిమిషానికోసారి జరిగి ఒక సెకను పాటు ప్యాకెట్లు పడిపోతున్నాయనుకోండి. మీ ప్రోబ్ కూడా సరిగ్గా నిమిషానికోసారి వెళ్తే అది ప్రతిసారీ ఆ సెకనులోనే పడుతుంది, లేదా ఎప్పటికీ పడదు. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2330 అందుకే ప్రోబ్‌ల మధ్య విరామం అటూఇటూ మారేలా పాయిజాన్ పద్ధతి సూచించింది. అంత కాకపోయినా, ప్రతి ప్రోబ్‌కీ ముందు కొన్ని యాదృచ్ఛిక సెకన్లు ఆగేలా స్క్రిప్టులో ఒక లైన్ పెట్టుకోండి.

శాతంతో పాటు పోయిన తీరు కూడా దాచుకోండి. పది నిమిషాల కాల్‌లో 30,000 ప్యాకెట్లు. అందులో 300 అక్కడక్కడా ఒక్కొక్కటిగా పోతే లాస్ 1%, చెవికి దాదాపు తెలియదు. అవే 300 వరసగా పోతే కూడా 1%, కానీ అది ఆరు సెకన్ల నిశ్శబ్దం. "హలో, హలో, వినపడుతోందా?" అనే మాటలన్నీ అందులోంచి పుట్టినవే. అందుకే ప్రతి రిపోర్టులో శాతం పక్కనే "వరసగా పోయినవి గరిష్ఠంగా ఎన్ని" అన్న గడి పెడతాను.

అడుగు 8: అవైలబిలిటీ లెక్క

99.9% అంటే 30 రోజుల నెలలో 43.2 నిమిషాలు ఆగిపోవచ్చు. 99.99% అంటే 4.32 నిమిషాలు. 99.999% అంటే సుమారు 26 సెకన్లు. ఈ తొమ్మిదులను కాంట్రాక్టులో రాయడం తేలిక. కొలిచే సాధనానికి అంత చూపు ఉందా అని ముందు చూడండి. ఐదు నిమిషాలకోసారి చెక్ చేస్తే నెలకు 8,640 చెక్‌లు. ఒక్కటి ఫెయిలైతే 0.0116%. అంటే ఒక్క చెక్ పోయినా నాలుగు తొమ్మిదుల హామీ తప్పినట్టే. ఒక్కటీ పోకపోతే 100%. మధ్యలో అంకే లేదు! ఐదు నిమిషాల కొలతతో నాలుగు తొమ్మిదులు తూచడం బియ్యం తూచే కాటాలో బంగారం తూచడమే. నిమిషానికోసారి చేసినా, 20 సెకన్ల అంతరాయం కంట పడే అవకాశం మూడింట ఒకటే.

ముందు "ఆగిపోయింది" అంటే ఏమిటో తేల్చుకోవాలి. 2% లాస్ ఉంటే ఆగినట్టా? 30% ఉంటే? టెలికాం ప్రపంచంలో దీనికి చక్కటి పద్ధతి ఉంది. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) ప్రమాణం జీ.826 ప్రకారం వరసగా 10 సెకన్లు తీవ్రంగా చెడితే లింక్ ఆగినట్టు, మళ్లీ వరసగా 10 సెకన్లు బాగుంటే లేచినట్టు. అందులో నాకు నచ్చేది ఇంకోటి: ఆగిందని తేల్చడానికి పట్టిన ఆ 10 సెకన్లు కూడా ఆగిన సమయంలోకే వెళ్తాయి. మన మానిటరింగ్‌లో ఇదే తప్పిపోతుంది. మూడు చెక్‌లు వరసగా ఫెయిలయ్యాకే అలర్ట్ ఇవ్వమని పెడతాం, మంచిదే. కానీ ఆగిన సమయాన్ని అలర్ట్ వచ్చినప్పటి నుంచి లెక్కేస్తాం. నిజానికి మొదటి ఫెయిల్ నుంచి లెక్కేయాలి. ఒకట్రెండు ఫెయిల్‌లతో ముగిసిన చిన్న అంతరాయాలను కూడా వేరే వరసలో దాచుకోవాలి, అవి రోజుకు ఇరవై వస్తుంటే అదే పెద్ద వార్త.

చెక్ లోతు గురించి. పింగ్ వచ్చిందంటే మెషిన్ ఆపరేటింగ్ సిస్టమ్ బతికి ఉందని మాత్రమే. సర్వీస్ నడుస్తోందని కాదు. వెబ్ సర్వీస్ అయితే డీఎన్‌ఎస్ (పేరు నుంచి ఐపీ అడ్రస్ కనుక్కోవడం), టీసీపీ కనెక్షన్, టీఎల్‌ఎస్ (గుప్తీకరణ), హెచ్‌టీటీపీ కోడ్ (సర్వర్ ఇచ్చే ఫలితం సంఖ్య, 200 అంటే అంతా సవ్యం), పేజీలో ఉండాల్సిన ఒక మాట, ఇన్నీ వరసగా చూడాలి, ఒక్కోదానికి ఎంత సమయం పట్టిందో విడిగా రాయాలి. ప్రోమీథియస్ అనే మానిటరింగ్ సాధనంతో కలిపి వాడే బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ ఇవన్నీ చేస్తుంది. పేజీలో మాట చూడటం అనవసరం అనుకోకండి. "డేటాబేస్ అందుబాటులో లేదు" అన్న పేజీని 200 కోడ్‌తో పంపే అప్లికేషన్లు మనలో చాలామందికి తెలిసినవే.

ఇక చెక్ చేసే మెషినే పడిపోతే? దాని ఇంటర్నెట్ పోతే ప్రపంచంలోని సర్వీసులన్నీ ఒకేసారి ఎర్రబడతాయి. కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి చూసి, రెండు చోట్ల ఫెయిలైతేనే ఆగినట్టు అనండి. ప్రతి చెక్‌కీ ముందు సొంత గేట్‌వేని పలకరించండి. అదే పలకకపోతే ఫలితాన్ని "ఆగింది" అని కాదు, "తెలియదు" అని రాయండి. ఈ "తెలియదు" నిమిషాలను హారంలోంచి తీసేయాలా, ఆగిన ఖాతాలో వేయాలా అన్నది ముందే రాసుకోవాలి. నేనైతే తీసేసి, ఎన్ని తీశానో పక్కనే చూపిస్తాను. ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్ నిమిషాలకూ అంతే.

సమయంతో కాకుండా రిక్వెస్టులతో లెక్కేసే పద్ధతి కూడా ఉంది: బాగా జరిగినవి భాగించు మొత్తం. రోజుకు 10 లక్షల రిక్వెస్టులు వచ్చే సర్వీస్ తెల్లవారుజామున 3 గంటలకు ఒక గంట ఆగితే 2,000 పోతాయి, మధ్యాహ్నం ఆగితే 90,000 పోతాయి అనుకుందాం. గడియారం లెక్కలో రెండూ 4.17% నష్టమే. రిక్వెస్టుల లెక్కలో ఒకటి 0.2%, ఇంకోటి 9%. యూజర్ల బాధకు రెండోదే దగ్గర. కానీ దీనికీ ఒక గొయ్యి ఉంది. నెట్‌వర్కే తెగిపోతే రిక్వెస్టులు సర్వర్ దాకా రావు, లాగ్‌లో పడవు. లవమూ హారమూ రెండూ సున్నా అయి, ఫెయిల్ ఒక్కటీ లేదు కాబట్టి గ్రాఫ్ 100% చూపిస్తుంది. అందుకే రిక్వెస్టుల లెక్క పెట్టుకున్నా బయటి చెక్‌లు తీసేయకూడదు. ట్రాఫిక్ ఒక్కసారిగా పడిపోతే కూడా అలర్ట్ రావాలి.

డిజైన్ మీద వేసే లెక్కలు చివరగా. ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న మూడు పరికరాలు ఒక్కోటి 99.9% అయితే మొత్తం 99.7%. పక్కపక్కన ఉన్న రెండు లింకులు ఒక్కోటి 99% అయితే కాగితం మీద 99.99%. ఆ రెండు ఫైబర్లూ ఒకే కాలువలో పడి ఉంటే మాత్రం ఒక్క పొక్లెయిన్ చాలు.

అడుగు 9: అలర్ట్‌లు, రిపోర్ట్

అలర్ట్‌ని ఒక్క చెక్ మీద పెట్టకండి. అర్ధరాత్రి ఒక్క పింగ్ పోయినందుకు నిద్ర లేపితే మూడోరోజుకి ఆ ఫోన్ సైలెంట్‌లోకి వెళ్తుంది. గత 5 నిమిషాల్లో లాస్ 5% దాటి, గత గంటలో 1% కూడా దాటితే లేపండి. మొదటిది ఇప్పుడు జరుగుతోందని, రెండోది అది తుమ్ములాంటిది కాదని చెబుతుంది. ఈ అంకెలు నావి, మీ సర్వీస్‌ని బట్టి మార్చుకోండి.

నెల రిపోర్టులో ఒక్కో సర్వీస్‌కి నేను వేసే గడులు ఇవి: దిక్కులవారీగా లాస్, పంపిన మొత్తం, వరసగా పోయినవి గరిష్ఠంగా ఎన్ని, అవైలబిలిటీ, ఆగిన సార్లు, అన్నిటికన్నా పొడవైన అంతరాయం, తెలియని నిమిషాలు. మొదటి అడుగులో రాసుకున్న వాక్యం టేబుల్ కింద ఉన్నది ఉన్నట్టు వేస్తాను. మేనేజర్లు దాన్ని చదవరు. ప్రొవైడర్ వైపు ఇంజినీర్ మాత్రం ముందు అదే చదువుతాడు.